మా తాతయ్య తాగిన కొబ్బరినూనె

కొబ్బరినూనె అంటే నా చిన్నప్పుడు తలకు రాసుకునే వస్తువు, అంతే. మిర్యాలగూడలో మా ఇంట్లో అది అద్దం పక్క గూట్లో, దువ్వెనతోపాటు ఉండేది. చలికాలం గడ్డకడితే అమ్మ సీసాను కాసేపు ఎండలో పెట్టి, కరిగాక నాకు జడ వేసేది. వంటకు పల్లినూనె, పచ్చళ్లకు నువ్వులనూనె, నెత్తికి కొబ్బరినూనె. దాన్ని నోట్లో వేసుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు. చెప్పలేదని మాకేమీ బాధ లేదు కూడా.

ఇప్పుడు సూర్యాపేటలో ఇంట్లో కూర్చుని ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒకరు కొబ్బరినూనె గొప్పతనం చెబుతూ ఉంటారు. పొద్దున్నే పరగడుపున తాగమని ఒకరు, కాఫీలో కలుపుకోమని ఇంకొకరు. మెదడుకు మంచిదట, పొట్ట కరుగుతుందట, థైరాయిడ్ దారిలోకి వస్తుందట. చెప్పేవాళ్లకు అలుపు లేదు. పంపేవాళ్లకు అంతకన్నా లేదు. మా కాలనీ గ్రూపులో ఒకే వీడియో నాకు ముగ్గురు పంపారు. నేను చూడలేదనుకున్నారో, చూసినా బుద్ధి రాలేదనుకున్నారో తెలియదు.

అక్కడితో ఆగితే నేను ఈ కథంతా చెప్పేదాన్ని కాదు. కోదాడలో ఉండే మా తమ్ముడికి గుండెలో స్టెంటు వేశారు. ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి వాడికి ఫోనే లోకం. ఒకరోజు మా మరదలు నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమెది కృష్ణా జిల్లా వైపు. ఇన్నేళ్లయినా మాట మారలేదు.

“వదినా, మీ తమ్ముడు కొలెస్ట్రాల్ బిళ్ల మానేశారండీ. రోజూ పొద్దున్నే గ్లాసులో కొబ్బరినూనె పోసుకుని తాగుతున్నారు. నేను అడిగితే ఆ బిళ్లలే గుండెకు చేటంటున్నారు. మీరన్నా చెప్పండి, నా మాట గోడకు చెప్పినట్టే ఉంది.”

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. అలా నవ్వినందుకు మళ్లీ నాకే భయం వేసింది. ఎందుకంటే ఈ పిచ్చి మా ఇంట్లో ఇది రెండోసారి. మొదటిసారి మా తాతయ్యకు పట్టింది. అప్పటికి మా తమ్ముడు ఇంట్లో గడప దాటడం కూడా రాని పసివాడు. వాడికేమీ గుర్తుండే అవకాశం లేదు. నాకు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

మిర్యాలగూడకు సాగర్ కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. నీళ్లతోపాటు మనుషులూ వచ్చారు. కాలువ పనులకు వచ్చినవాళ్లు, పొలాలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు, మిల్లులు పెట్టడానికి వచ్చినవాళ్లు. ఊళ్లో కొత్తగా తెరిచిన ఒక చిన్న దవాఖానలో పనిచేయడానికి కేరళ నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. మా ఇంటి వెనకవైపు రెండు గదులు ఖాళీగా ఉంటే ఆమెకు కిరాయికి ఇచ్చారు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆమె మాకంటే మంచి తెలంగాణ మాట నేర్చుకుంది, చివర్లో చిన్న సాగదీత తప్ప.

ఆమె గదిలోంచి వచ్చే వంట వాసన మా వాకిట్లో పెద్ద సమస్య అయింది. ఆమె కొబ్బరినూనెతో కూర చేసుకునేది. మా నాయనమ్మకు అది మింగుడుపడలేదు. నెత్తికి పెట్టుకునే నూనెతో చేపలు వేయించుకుంటోందని బావి దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పింది. వాళ్లు ముక్కులు మూసుకుని నవ్వుకున్నారు. అక్కకు ఆ మాటలు చేరాయి. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. మనం పల్లినూనె వాడినట్టే వాళ్లది వాళ్ల ఊరి నూనె అని నాకు ఒకసారి చెప్పింది. అంతకుమించి ఆ నూనె గురించి ఆమె ఎప్పుడూ ఏ గొప్పా చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. గొప్పలన్నీ మా తాతయ్యే చెప్పాడు.

మా తాతయ్యకు బీపీ. తల తిరుగుతోందని దవాఖానకు వెళ్తే డాక్టరు చూసి, ఉప్పు తగ్గించమని చెప్పి, రోజూ వేసుకోవడానికి గోళీలు ఇచ్చాడు. రోజూ అన్న మాట ఆయనకు నచ్చలేదు. జ్వరం వస్తే గోళీ వేసుకుంటాం, తగ్గాక మానేస్తాం. తగ్గినా మానకూడని గోళీ ఏమిటని ఆయన ప్రశ్న. అందుకని ఆ గోళీల నుంచి తప్పించుకునే దారి కోసం ఆయన ఎప్పుడూ వెతుకుతూ ఉండేవాడు. ఒక నెల వేపాకు రసం, ఇంకో నెల తేనెలో నానబెట్టిన వెల్లుల్లి. ఎవరో బస్సులో చెప్పారని కొన్నాళ్లు రాగిచెంబుతో తప్ప నీళ్లు తాగలేదు. ప్రతిదీ మొదటి వారం అమృతం, నాలుగో వారానికి ఇంట్లో ఎవరూ దాని పేరు ఎత్తకూడదు. నాయనమ్మ ఆ చెంబులూ సీసాలూ అటకమీద సర్దలేక సర్దలేక విసిగిపోయేది.

అలా ఉండగా ఒక చలికాలం అక్కను చూడటానికి వాళ్ల నాన్న వచ్చాడు. రైళ్లు, బస్సులు మారి, భుజాన సంచీ, చేతిలో నూనె డబ్బాతో దిగాడు. మా తాతయ్య కంటే వయసులో పెద్దవాడు. కానీ మనిషి నిటారుగా, బిగువుగా ఉన్నాడు. వచ్చిన మర్నాడే తెల్లవారకముందు లేచి కాలువ కట్ట దాకా నడిచి వచ్చాడు. మా బావిలో నీళ్లు తోడి అక్క వేసుకున్న వంకాయ మొక్కలకు పోశాడు. మా తాతయ్య అరుగుమీద కూర్చుని ఇదంతా చూశాడు. ఆయన కళ్లలో వెలుగు చూసి, నాయనమ్మ లోపలికి వచ్చి ఇంకో కొత్త పిచ్చి మొదలుకాబోతోందని మా అమ్మతో చెప్పింది.

సరిగ్గా అదే జరిగింది. తాతయ్య ఆ పెద్దాయనకు ఎదురుగా కూర్చుని, ఏం తింటావని చేతులతో సైగ చేసి అడిగాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు మలయాళం రాదు. ఆ పెద్దాయన ఆలోచించి తను తెచ్చిన డబ్బా చూపించాడు. అంతే, తాతయ్యకు కావలసింది దొరికింది. ఇంట్లోకి వచ్చి అద్దం పక్క గూట్లో ఉన్న మా కొబ్బరినూనె సీసా తీసుకున్నాడు. అది గడ్డకట్టి ఉంది. చెంచాతో తవ్వి నెయ్యి తిన్నట్టు తిన్నాడు. మర్నాటి నుంచి ఎండలో పెట్టి కరిగించి గ్లాసులో పోసుకుని తాగాడు. గోళీలు మానేశాడు.

“రోగం లేని మనిషిని కండ్లతోని సూసిన. ఇగ నాకు డాక్టరు చెప్పేదేంది” అని మా నాన్నతో అన్నాడు.

మొదటి రోజే ఆయన కడుపు కదిలింది. చెంబు పట్టుకుని దొడ్లోకి తిరుగుతూనే ఉన్నాడు. ఆ బాధ చూసైనా మానేస్తాడనుకున్నాం. లోపల ఏళ్ల తరబడి పేరుకున్న చెడంతా కడిగేసుకుపోతోందని ఆయన సంతోషించాడు. అలాంటి మనిషితో ఏం వాదిస్తారు? మంచి జరిగితే అది నూనె గొప్ప, చెడు జరిగితే అదీ నూనె గొప్పే. ఆయన దగ్గర నూనె ఓడిపోయే దారే లేదు. ఇంట్లో ఆడవాళ్ల జడలకు నూనె లేకుండా పోయింది. ఊళ్లో తెలిసినవాళ్లందరికీ ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. నర్సమ్మే చెప్పింది అని కూడా కలిపాడు. నర్సు చెప్పిందంటే దానికి బరువు ఎక్కువ కదా. ఇద్దరు ముగ్గురు ఆమె దగ్గరకు వచ్చి, ఎన్ని చెంచాలు తాగాలని అడిగి వెళ్లారు.

ఒకరోజు పొద్దున వాకిట్లో నడుస్తూ తాతయ్య తూలాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చేయి గాలిలో దేనికోసమో వెతికి, స్తంభం అందితే దాన్ని పట్టుకుంది. ముఖమంతా చెమట. నేను అరవబోతే వద్దని కళ్లతో చెప్పాడు. కాసేపటికి సర్దుకుని, రాత్రి నిద్ర లేదు, అందుకే, అన్నాడు. నాకు చాలా భయం వేసింది. ఆయన చెప్పవద్దన్నాడు కాబట్టి అమ్మకు చెప్పలేదు. వెనక గదికి వెళ్లి అక్కకు చెప్పాను. ఇంట్లో చెప్పలేనివి నేను ఆమెకే చెప్పుకునేదాన్ని.

ఆమె వెంటనే వచ్చి తాతయ్య చేయి పట్టుకుని నాడి చూసింది. గోళీలు ఎప్పటి నుంచి వేసుకోవడం లేదని అడిగింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఆమెకు కోపం వచ్చిందని మాత్రం నాకు తెలుసు, ఆమె ముక్కుపుటాలు అదిరాయి. నెమ్మదిగా అంది.

“తాతా, రేపు నాకు సెలవు. మా నాయినలెక్క కావాల్నంటున్నవ్ గదా. రేపు పొద్దుగాల నుంచి మా ఇంటి ముంగట కూసో. ఆయన ఏం జేస్తడో, ఏం తింటడో మొత్తం సూడు. నువ్వు ఏం జెయ్యకు, సూస్తే సాలు. మాపటికి గూడ నీకు నూనె తాగాల్ననిపిస్తే, నేనే పోసిస్త.”

తాతయ్య పొంగిపోయాడు. నాయనమ్మ ముఖం ముడుచుకుంది. వాళ్లింట్లో తినడం ఆమెకు ఇష్టం లేదు, చేప ముక్క సంగతి సరే, ఇంకా చాలా పట్టింపులుండేవి ఆమెకు. తాతయ్యకూ ఉండేవి. కానీ ఆ నూనె కోసం ఆయన అన్నీ దాటేశాడు. దాని మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే.

మర్నాడు అక్క గుమ్మం ముందు మంచం వేసింది. తాతయ్య దాని మీద కూర్చున్నాడు. నేను ఆయన పక్కన. బడికి వెళ్లమని ఎవరూ అనకపోవడం నా అదృష్టం. పెద్దాయన అప్పటికే కాలువ కట్ట దాకా వెళ్లి వచ్చాడు. కాళ్లు కడుక్కుని వేడి గంజి తాగాడు. అందులో ఉడికించిన పెసలు. నూనె చుక్క లేదు. తాతయ్య నా వైపు చూశాడు. ఇప్పుడు కాదేమో, తర్వాతేమో అన్నట్టు తల ఆడించాడు. తర్వాత పెద్దాయన గడ్డపారతో వంకాయ మొక్కల చుట్టూ మట్టి గుల్ల చేశాడు. కలుపు తీశాడు. నీళ్లు తోడాడు. మా నాయనమ్మ బిందె కూడా నింపి గట్టుమీద పెట్టాడు, అడగకుండానే. మా తాతయ్య ఆ బావిలోంచి ఒక్క బిందె తోడటం నేనెప్పుడూ చూడలేదు. కిటికీలోంచి నాయనమ్మ కూడా చూస్తోంది. లోపల గిన్నెల చప్పుడు కొంచెం పెరిగింది.

మధ్యాహ్నం వంట మొదలైంది. అక్క గుమ్మం దగ్గరే పొయ్యి పెట్టుకుంది, తాతయ్యకు అంతా కనబడాలని. లావు ఎర్ర బియ్యం అన్నం వండింది. చేపల పులుసు పెట్టింది. బీన్సు తరిగి, కొబ్బరి తురుము వేసి కూర చేసింది. తాతయ్య మెడ చాచి చూస్తున్నాడు. అన్నీ దించాక ఆమె డబ్బా మూత తీసి, ఒక చెంచా నూనె తీసి, కొంచెం పులుసు మీద, కొంచెం కూర మీద తిప్పి చల్లి మూత పెట్టేసింది. డబ్బా కూడా మూసేసి లోపల పెట్టింది.

తాతయ్య కాసేపు ఎదురుచూశాడు. ఆ తర్వాత ఉండబట్టలేక గ్లాసు ఏదని అడిగాడు.

ఏ గ్లాసని ఆమె అడిగింది.

“నూనె గ్లాసు. మీ నాయిన తాగేది.”

ఆమె వాళ్ల నాన్నకు ఆ మాట మలయాళంలో చెప్పింది. ఆయనకు అర్థం కాక మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన మా తాతయ్యను, ఆయన పొట్టను చూసి ఒళ్లంతా కదిలేలా నవ్వాడు. వాళ్ల ఊళ్లో నూనె గ్లాసుల్లో పోసేది దీపానికేనట. తాగేవాడిని ఆయన ఇన్నేళ్ల బతుకులో చూడలేదట. తాతయ్యకు ముఖం చిన్నబోయింది. కానీ ఆయన అంత సులువుగా వదిలే మనిషి కాదు. రోజూ ఆ చెంచా అయినా పడుతోంది కదా, ఆ మహిమే అయి ఉంటుంది, మనం కొంచెం ఎక్కువ తాగుతున్నాం, అంతే తేడా, అన్నాడు. అక్క తల పట్టుకుంది.

భోజనాలయ్యాయి. తాతయ్య చేప ముట్టలేదు, కూర మాత్రం బాగా తిన్నాడు. రుచిగా ఉందని కూడా ఒప్పుకున్నాడు. చేతులు కడుక్కున్నాక ఆ పెద్దాయన నడుం దగ్గర ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులోంచి ఒక గోళీ తీసి నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. అక్క దీనికోసమే పొద్దుటి నుంచి ఆగిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆమె ఏమీ ఎరగనట్టు కంచాలు తీస్తోంది.

తాతయ్య చాలాసేపు ఆ పొట్లం వైపే చూశాడు.

“అదేం గోళీ?”

“బీపీ గోళీ, తాతా. రోజూ ఏసుకుంటడు. ఒక్కనాడు మరిస్తే నేను కొట్లాడుత.”

రోగం లేని మనిషిని కళ్లతో చూశానని తాతయ్య ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఆ మనిషి రోగం ఆయన నడుం ముడిలోనే ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. అంతకుమించి ఇందులో మోసమేమీ లేదు. ఏం తింటావని మాత్రమే మా తాతయ్య అడిగాడు.

కూతురి ముఖం, మా తాతయ్య ముఖం చూసి పెద్దాయనకు ఏదో అర్థమైంది. ఆయన మంచం మీద తాతయ్య పక్కనే కూర్చుని నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అక్క ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. ఆయనకు ఒక అన్న ఉండేవాడట. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, అదే నూనె, అవే చేపలు. ఇద్దరిలో బలమైనవాడు ఆ అన్నేనట. చెట్టెక్కడంలో, పడవ లాగడంలో తమ్ముడు ఎప్పుడూ వెనకే. ఆ అన్న ఒక మధ్యాహ్నం కొబ్బరికాయలు పోగు చేస్తూ చేస్తూ రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి ఆ అన్న తల ఇంకా నెరవలేదు.

అక్కడ అక్క ఆగింది. ఆ తర్వాత చెప్పింది ఆమె తండ్రి మాట కాదు, ఆమెదే.

“మా పెద్దనాయిన. నన్ను నర్సు చదువుకు పంపింది ఆయనే. మా నాయిన వద్దన్నడు, ఆయనే కొట్లాడి పంపిండు. ఆయన ఉంటే ఈడికి ఆయనే వచ్చేటోడు, తాతా. నువ్వు బతికున్న మనిషినే సూసినవ్. పోయినోళ్లు బస్సెక్కి రారు గదా, నీకు కనబడనీకి.”

ఆమె ఏడవలేదు. కంచాలు తీసుకుని బావి దగ్గరకు వెళ్లిపోయింది. నేను వెళ్లి నీళ్లు పోశాను. ఆమె ఒక కంచాన్ని రెండుసార్లు తోమింది.

సాయంత్రం తాతయ్య మంచం మీద నుంచి లేచి మా వైపు వచ్చాడు. నూనె అడగలేదు. నాయనమ్మ దగ్గర నిలబడి, ఆ గోళీలు ఎక్కడ పెట్టావని అడిగాడు. ఆమె తన పెట్టెలోంచి తీసి ఇచ్చింది. పారేస్తాడేమోనని ముందే దాచిందట. అక్క చెప్పినట్టు మర్నాడు మా నాన్నతో దవాఖానకు కూడా వెళ్లాడు. డాక్టరు చీవాట్లు పెట్టాడని నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. తాతయ్య మాత్రం డాక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడని చెప్పాడు.

ఆయన మారిపోయాడని చెబితే కథ బాగుంటుంది. కానీ మారలేదు. ఒక నెల తిరిగేసరికి కాకరకాయ రసం మొదలైంది. ఆ తర్వాత మెంతుల నీళ్లు. గోళీ చేదుగా ఉంటుందని మానేశానే తప్ప, నూనెకూ దానికీ సంబంధం లేదని కొత్త మాట కూడా చెప్పాడు. మాకు అలవాటే. ఒక్కటి మాత్రం మారింది. ఏ రసం తాగినా, గోళీ వేసుకున్నాకే తాగేవాడు. అలా చాలా ఏళ్లు బతికాడు, నా పెళ్లి చూశాడు. గోళీల వల్లే బతికాడని నేను చెప్పను. అలా చెబితే ఆ పెద్దాయన్ను చూసి మా తాతయ్య చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. ఒక మనిషి బతకడం దేనికీ రుజువు కాదు.

మా మరదలు ఫోన్ చేసిన మర్నాడు నేను బస్సెక్కి కోదాడ వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. ఏం లాభం? నేను చెప్పులు విడిచేలోపే తమ్ముడు ఫోను నా ముఖం ముందు పెట్టాడు. అందులో ఎవరో ముసలాయన కొబ్బరితోటలో చకచకా నడుస్తున్నాడు. పైన పెద్ద అక్షరాలతో ఆయన వయసు, కింద నూనె సీసా బొమ్మ. నాకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే ముసలాయన, అదే నడక. ఈసారి బస్సెక్కే కష్టం కూడా లేకుండా ఇంట్లోకే వచ్చాడు.

తాతయ్య కథంతా వాడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, అప్పటి నూనె వేరక్కా, ఇది గానుగది, అన్నాడు.

నేను ఇంక వాదించలేదు. లేచి, పద దవాఖానకు అన్నాను. రానన్నాడు. అయితే నేను సూర్యాపేటకు పోను, ఇక్కడే ఉంటాను, రోజూ నువ్వు నూనె తాగేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ ఉంటానన్నాను. మా మరదలు వంటింట్లో చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు చొక్కా వేసుకున్నాడు.

రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పెరిగిందని వచ్చింది. మంచిది కూడా పెరిగింది చూడండని మావాడు డాక్టరుకు పాఠం చెప్పబోయాడు. ఆ డాక్టరమ్మ వయసులో చిన్నదే కానీ ఓపిక ఉన్న మనిషి. మంచిది కొంచెం పెరిగినంత మాత్రాన చెడ్డది చేసే పని ఆగదని చెప్పింది. ఈ నూనెలో గడ్డకట్టే రకం కొవ్వు చాలా ఎక్కువని, స్టెంటు ఉన్న మనిషి దాన్ని గ్లాసులతో తాగడం అంటే గుండెతో ఆడుకోవడమని చెప్పింది. విషమేమీ కాదు, ఎప్పుడైనా కూరలో రుచికి ఒక చెంచా పడితే ఇల్లు మునగదు, రోజువారీ వంటకు మాత్రం పల్లినూనో నువ్వులనూనో, అదీ తక్కువగా, అంది. బిళ్ల మానకూడదని రెండుసార్లు చెప్పింది. మూడోసారి నా వైపు చూసి చెప్పింది.

ఇద్దరం బయటికొచ్చాం. ఆటో కోసం నిలబడి ఉండగా తమ్ముడు నెమ్మదిగా అడిగాడు.

“అక్కా, ఆ నర్సమ్మ పెద్దనాయినకు ఎంత వయసు అప్పటికి?”

తెలియదన్నాను. తల నెరవలేదని మాత్రం చెప్పారన్నాను. వాడు తన నెత్తి తడుముకున్నాడు. ఇప్పుడు బిళ్ల వేసుకుంటున్నాడు. నూనె గ్లాసు నుంచి చెంచాకు దిగింది, ఆ చెంచా కూడా నేను వెళ్లినప్పుడు కనబడదు. మా మరదలు నాకు అన్నీ చెబుతుంది. నేను తెలియనట్టు ఉంటాను, తెలిసినట్టు ఉంటే ఇంకో వీడియో చూపిస్తాడు.

నేను ఆ రోజు నుంచి ఒక్క ప్రశ్న మాత్రం వదలలేదు. ఎవరైనా ఒక ఆరోగ్యవంతుణ్ణి చూపించి ఆయన ఫలానాది తిన్నాడని చెబితే, ఆ ఇంట్లో ఆయన పక్కన కూర్చుని అదే తిన్నవాళ్లు ఎవరు, వాళ్లేమయ్యారని అడుగుతాను. చాలామందికి ఈ ప్రశ్న నచ్చదు. నన్ను చూస్తే మాట మార్చేవాళ్లున్నారు. అడగడం నాకు విసుగే, వాళ్లకు వినడం విసుగే. అయినా మానలేదు.

మొన్న పొద్దున సూర్యాపేటలో మా పార్కులో నడుస్తున్నాను. నాతోపాటు నడిచే ఒక రిటైరైన టీచరమ్మ వాళ్ల అత్తగారి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఊరు తిరుమలగిరి దగ్గర. వాళ్ల అత్తగారు నెయ్యి ముద్దలకు ముద్దలు తినేదట, తొంభై దాటినా గోళీ అన్నదే ఎరగదట. చుట్టూ ఉన్నవాళ్లందరూ, అప్పటి తిండే వేరని తలలూపారు. నాకు నోరు ఆగలేదు. మరి మీ మామగారు? అని అడిగాను.

ఆమె నడక నెమ్మదించింది.

“ఆయన్ను నేను సూడనే లేదు. మా ఆయన చిన్నగున్నప్పుడే పోయిండంట. గుండెనొప్పే అన్నరు.”

మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోయారు. నేను ఆమెతో వెనకబడ్డాను. వాదనలో నెగ్గానన్న సంతోషం నాకేమీ కలగలేదు. ఆమె ఇంకాసేపు ఆలోచించి, ఆయన బాగా పాడేవాడట, పొలంలో పాడితే రోడ్డు దాకా వినబడేదట, మా ఆయన ఎప్పుడైనా చెబుతాడు, అంది. ఇన్నేళ్ల స్నేహంలో ఆ మామగారి గురించి ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి. ఎండ ఎక్కుతున్నా మేమిద్దరం ఇంకో చుట్టు తిరిగాం. ఆమె చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.